ముక్క తీయొద్దు, మొత్తం తీద్దాం అన్న డాక్టరు మాటలో అర్థం ఉంది

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడికి 36 ఏళ్లు. ఎరువుల షాపు నడుపుతాడు. ఏడాదిన్నరగా ఎడమ కన్ను పై రెప్ప బయటి వైపు ఉబ్బి ఉంది. నొప్పి లేదు. ఈమధ్య ఆ కన్ను కాస్త కిందికి, ముక్కు వైపుకి జరిగినట్టు కనిపిస్తోంది. కళ్లజోడు పవర్ రెండుసార్లు మారింది. సీటీ స్కాన్‌లో కన్నీటి గ్రంథిలో రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డ ఉందనీ, పక్క ఎముక నొక్కుకుపోయిందే కానీ తినేయలేదనీ రాశారు. ఒక డాక్టరు గారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. హైదరాబాద్‌లో ఇంకో డాక్టరు గారు ముక్క తీయొద్దు, గడ్డ మొత్తం ఒకేసారి తీసేద్దామన్నారు. పరీక్ష లేకుండా ఆపరేషన్ ఏమిటని మా మేనమామ కోప్పడుతున్నారు. కత్తి తగిలితే పాకిపోతుందని మా అత్తయ్య ఏడుస్తోంది. వాడేమో నొప్పి లేదు కదా, సీజన్ అయ్యాక చూద్దాం అంటున్నాడు. ఇది క్యాన్సరా? కన్ను తీసేస్తారా? ఆ గ్రంథి పోతే ఇక కన్నీళ్లే రావా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆగింది మూడు మాటల దగ్గర. ఏడాదిన్నర. నొప్పి లేదు. ఎముక నొక్కుకుపోయిందే కానీ తినేయలేదు. ఈ మూడూ ఒకే మనిషిలో, అదీ ముప్పై, నలభై ఏళ్ల వయసులో కనిపిస్తే, అది చాలావరకు ప్లియోమార్ఫిక్ అడినోమా అనే కణితి అయ్యుంటుంది. అది క్యాన్సర్ కాదు. ఉత్తరం చదివి రోగం ఖాయం చేయలేను, చేయకూడదు కూడా. కానీ ఆ రెండో డాక్టరు గారు ముక్క తీయొద్దని ఎందుకన్నారో మాత్రం చెప్పగలను. ఆయన పరీక్షను ఎగ్గొట్టడం లేదు. ఈ కణితి అని అనుమానం బలంగా ఉన్నప్పుడు, గడ్డను మొత్తంగా తీసి పంపడమే పరీక్ష, అదే వైద్యం కూడా.

ముందు ఈ గ్రంథి ఎక్కడుంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని కన్నీటి సంచితో కలిపేస్తారు. కన్నీటి సంచి ముక్కు పక్కన ఉంటుంది. అది మూసుకుపోతే కన్ను ఎప్పుడూ నీరు కారుతుంది, దానికి వేరే ఆపరేషన్ ఉంది. మన గ్రంథి దానికి అటు చివర. కనుబొమ్మ తోక దగ్గర ఎముక అంచు తగులుతుంది కదా, ఆ అంచు వెనక ఒక చిన్న గుంటలో బాదం గింజంత గ్రంథి దాక్కుని ఉంటుంది. మామూలుగా చేతికి అందదు. అక్కడ గడ్డ పెరిగితే దానికి పైన ఎముక, బయటి పక్క ఎముక. ఎటూ పోలేక కనుగుడ్డునే తోస్తుంది, అందుకే కన్ను కిందికీ ముక్కు వైపుకీ జరుగుతుంది. గుడ్డును పక్కనుంచి అదమడంతో దాని గుండ్రదనం కాస్త మారి కళ్లజోడు పవర్ కూడా మారుతుంది. మీ తమ్ముడికి రెండుసార్లు అద్దాలు మార్చాల్సి రావడానికి కారణం ఈ గడ్డే అయ్యుండొచ్చు. ఇలా అద్దాలు మార్చుకుంటూ అసలు కారణం తెలియకుండానే ఏళ్లు గడిపేసినవాళ్లను చూశాను, అందుకే చెప్తున్నాను.

ఇలాంటి మనిషి నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది స్కాన్ కాదు, పాత ఫొటోలు. ఆధార్ కార్డు ఫొటో, పెళ్లి ఆల్బమ్, ఫోన్‌లో నాలుగేళ్ల కిందటి సెల్ఫీ, ఏదైనా సరే. ఇంట్లోవాళ్లు ఆరు నెలలే అంటారు, మూడేళ్ల కిందటి ఫొటోలో అప్పటికే ఆ రెప్ప ఒక పక్క బరువుగా వాలి కనిపిస్తుంది. ఈ గడ్డ విషయంలో ఎంత కాలంగా ఉందన్నది చాలా విలువైన సమాచారం. తర్వాత కుర్చీ వెనక్కి వెళ్లి, తల కాస్త వెనక్కి వాల్చమని, నుదుటి మీదుగా రెండు కళ్లనూ కిందికి చూస్తాను. ఏ కన్ను ముందుకొచ్చిందో అలా ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని కొలవడానికి రెండు పక్కల ఎముక అంచులకు ఆనించి పెట్టే ఒక స్కేలు ఉంటుంది, రెండు కళ్ల మధ్య 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే పట్టించుకోవాలి. ఆ తర్వాత దూది కొసతో నుదుటి మీద, కణత మీద మెల్లగా రాసి రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఎన్నో మందులకంటే ముఖ్యం. ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు ముక్క సంగతి. ప్లియోమార్ఫిక్ అడినోమా చుట్టూ ఒక పలచటి పొర ఉంటుంది. అది గట్టి సంచి కాదు, చుట్టూ ఉన్న కణజాలం నలిగి నలిగి పొరలా ఏర్పడింది. గడ్డ పైభాగం నున్నగా ఉండదు, సీతాఫలం మీద బొడిపెల్లా చిన్న చిన్న మొగ్గలు ఆ పొరలోకి పొడుచుకుని ఉంటాయి. సూది గుచ్చినా, ముక్క కోసినా ఆ పొర చిరుగుతుంది. లోపలి కణాలు కనుగుడ్డు ఉండే ఎముక గూట్లో చెదిరి పడతాయి. తాటికాయలోంచి ముంజను వేలితో తీసేటప్పుడు గోరు తగలకుండా ఎంత నేర్పుగా తీస్తామో తెలుసు కదా. గోరు గుచ్చుకుందా, నీళ్లు కారిపోతాయి, మళ్లీ ఎత్తలేం. సర్జన్ పని కూడా అంత నేర్పుగా ఉండాలి. పొర దెబ్బతినకుండా, కొద్దిపాటి చుట్టుపక్కల కణజాలం తొడుగులా ఉంచి, గడ్డను గడ్డగానే బయటికి తేవాలి.

1978లో అమెరికాలో ఫాంట్, గామెల్ అనే ఇద్దరు కంటి పెథాలజీ నిపుణులు ఇలాంటి పేషెంట్ల రికార్డులు కలిపి చూశారు. ముందు ముక్క తీసినవాళ్లలో అయిదేళ్లలో నూటికి 32 మందికి గడ్డ మళ్లీ వచ్చింది. మొత్తంగా తీసినవాళ్లలో నూటికి 3 మందికే వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు అది ఒక గడ్డగా రాదు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. తొమ్మిదేళ్ల ముందు ఎక్కడో చిన్న ముక్క తీసి, తర్వాత మిగతాది విడతగా తీశారట. నేను తెరిచి చూస్తే రెప్ప కింద, కండరాల మధ్య, ఎముక పొర మీద సగ్గుబియ్యం గింజల్లా చెదిరి ఉన్నాయి. ఏది తీయాలి, ఏది ఆరోగ్యకరమైన కొవ్వు అన్నది మైక్రోస్కోపు కింద కూడా కష్టంగా ఉంది. మొదటిసారి గంటన్నరలో అయిపోవాల్సిన పని ఆవిడకు మూడు ఆపరేషన్లయింది. పైగా ఇలా మళ్లీ మళ్లీ వచ్చే గడ్డలు ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్‌గా మారే ప్రమాదం పెరుగుతుంది. ముక్క తీసి చూడటానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ కణితి లోపల ఒక్క చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. చిన్న ముక్కలో మంచిగా కనిపించినా, మారిన భాగం పక్కనే మిగిలిపోయి ఉండొచ్చు.

ఇది చదివి, ఇప్పటికే ముక్క తీయించుకున్న పాఠకులెవరైనా ఉంటే కంగారు పడొద్దు. ముక్క తీసిన దారితో సహా మొత్తం గడ్డను జాగ్రత్తగా తీసేస్తే ఫలితం బాగానే ఉంటోందని ఈమధ్య కొందరు సర్జన్లు చెప్తున్నారు. స్కాన్ చూసి తేల్చలేనప్పుడు ఒక్కోసారి ముక్క తీయక తప్పదు కూడా. ఏం చేశారో కొత్త సర్జన్‌కు దాచకుండా చెప్తే చాలు.

మీ అత్తయ్యకు కూడా ఒక మాట చెప్పండి. ఆవిడ భయపడుతున్నట్టు కత్తి తగిలినంత మాత్రాన ఒళ్లంతా పాకదు. రొమ్ములో గడ్డకో, మెడ మీద బిళ్లకో డాక్టరు ముక్క పరీక్ష చేద్దామంటే దయచేసి ఈ జవాబు చూపించి వద్దనకండి. అక్కడ ముక్క తీయకపోవడమే ప్రమాదం. నేను చెప్తున్నది కన్నీటి గ్రంథిలో, నొప్పి లేకుండా, ఏడాది దాటి పెరుగుతున్న, ఎముకను తినని గడ్డ గురించి మాత్రమే.

ఇదే గ్రంథిలో ముక్క తప్పనిసరిగా తీయాల్సిన గడ్డలూ ఉన్నాయి. ముఖ్యంగా నొప్పి ఉన్నప్పుడు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ ఈ గ్రంథిలో వచ్చే చెడ్డ కణితుల్లో ఎక్కువగా కనిపించేది. దాని స్వభావం నరాల వెంట పాకడం. అది కొన్ని నెలల్లోనే పెరుగుతుంది, నరాల్లో పాకడం వల్ల కణతలో లాగుతున్నట్టు, రాత్రుళ్లు నిద్ర లేపేంత నొప్పి ఉంటుంది, నుదుటి మీద తిమ్మిరి ఉంటుంది. దూదితో రాసి చూసేది ఇందుకే. స్కాన్‌లో ఎముక అంచు చెద తిన్నట్టు గరుకుగా ఉంటుంది, గడ్డలో సున్నపు మచ్చలు కనిపించొచ్చు. అలాంటప్పుడు ముందు రెప్ప దారిలో ముక్క తీసి, రోగం ఏదో తేల్చుకుని, తర్వాత పెద్ద ఆపరేషన్‌కు ప్లాన్ చేస్తారు. ఈ గడ్డ విషయంలో సీటీ ఎముకను బాగా చూపిస్తుంది, ఎమ్మారై నరాల వెంట ఎంత దూరం వెళ్లిందో చూపిస్తుంది. మీ తమ్ముడికి ఎమ్మారై చేయకపోతే ఆపరేషన్ ముందు చేయించమని అడగొచ్చు, అది అనవసరపు ఖర్చు కాదు.

ఇంకో రెండు మాటలు కూడా. అరవై దాటిన వాళ్లలో, రెండు పక్కలా, నొప్పి లేకుండా, కనుగుడ్డు ఆకారానికి తగ్గట్టు అతుక్కుని పెరిగే మెత్తటి వాపు లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, అయ్యుండొచ్చు. కనురెప్ప ఎత్తి చూస్తే తెల్లగుడ్డు మీద లేత గులాబీ, నారింజ కలిసిన రంగులో మెరిసే ప్యాచ్ కనిపించొచ్చు. దానికీ ముక్క పరీక్షే ఆధారం, తర్వాత ఒళ్లంతా స్కాన్ చేసి ఇంకెక్కడైనా ఉందా చూస్తారు. ఒక్క చోటే ఉంటే చాలామందికి తక్కువ మోతాదు రేడియేషన్‌తోనే తగ్గిపోతుంది. ఇక క్యాన్సర్, కణితి ఏదీ కాకుండా గ్రంథి వాచిపోవడం కూడా మామూలే. కొద్ది రోజుల్లో ఎర్రగా, నొప్పిగా, పై రెప్ప ఒక పక్కకు వంకరగా దిగిపోతుంది. దాని వెనక టీబీ ఉండొచ్చు, ఒంట్లో అక్కడక్కడా వాపు గడ్డలు కట్టే సార్కాయిడ్ ఉండొచ్చు, మన రోగనిరోధక వ్యవస్థే గ్రంథులను వాచేలా చేసే ఐజీజీ4 అనే జబ్బు ఉండొచ్చు. ఇక్కడ ఒక తప్పు చాలాచోట్ల జరుగుతోంది, నాకు చాలా బాధ కలిగించే తప్పు. వాపు కదా అని ఏ పరీక్షా లేకుండా స్టెరాయిడ్ మాత్రలు రాసేయడం. లింఫోమా స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా కరిగిపోతుంది. ఇంట్లో అందరూ తగ్గిందని సంతోషపడతారు. తర్వాత ముక్క తీస్తే పెథాలజిస్టుకు ఏమీ తేలదు, నెలలు గడిచిపోతాయి. మీ తమ్ముడికి మధ్యలో ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే, ఎప్పుడు, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి.

కన్ను తీసేస్తారా అని అడిగారు. మీరు రాసిన లక్షణాలకు కన్ను తీయాల్సిన పని లేదు. పై రెప్ప ముడతలో కోసుకుని వెళ్తారు, మచ్చ ఆ ముడతలోనే కలిసిపోతుంది. గడ్డ పెద్దదైతే కంటి గూటి బయటి గోడలో చిన్న ఎముక ముక్కను కిటికీ తలుపులా తీసి, గడ్డ బయటికి వచ్చాక మళ్లీ దాని చోటులో పెట్టి చిన్న ప్లేట్లతో బిగిస్తారు. ఈ దారి కొత్తదేం కాదు, 1880లలోనే స్విట్జర్లాండ్ సర్జన్ క్రోన్‌లైన్ చూపించిన దారి ఇది, ఇప్పటికి ఎంతో మెరుగుపడింది. మత్తు పూర్తిగా ఇస్తారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తారు. రెప్ప వాపు, కొద్ది వారాలు రెండుగా కనిపించడం, రెప్ప కాస్త వాలడం ఉండొచ్చు. ఇంటికి వచ్చాక ఒక్క విషయం మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. కంట్లో విపరీతమైన నొప్పి వచ్చి, చూపు మసకబారుతున్నట్టు అనిపిస్తే, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోపల రక్తం చేరి చూపు నరాన్ని నొక్కుతుండొచ్చు. ఇది అరుదు, కానీ వెంటనే స్పందిస్తే చూపు నిలిచే అవకాశం ఉంటుంది.

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అని తేలినవాళ్లలో ఒకప్పుడు కన్నుతో సహా గూడు మొత్తం ఖాళీ చేసేవాళ్లు. అంత చేసినా ఎక్కువ కాలం బతుకుతారన్న రుజువు గట్టిగా దొరకలేదు. అందుకే ఇప్పుడు కుదిరిన ప్రతిచోటా కన్ను నిలిపి, గడ్డ తీసి, రేడియేషన్ ఇస్తున్నారు. చుట్టుపక్కల భాగాలకు తక్కువ దెబ్బ తగిలేలా ఇచ్చే ప్రోటాన్ రేడియేషన్ చెన్నైలో 2019 నుంచి ఉంది. మయామీలోని బాస్కమ్ పామర్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్‌కు ముందే గ్రంథికి వెళ్లే రక్తనాళంలోకి నేరుగా కీమో మందు పంపే పద్ధతి మొదలుపెట్టారు. దానికి ఆ నాళం చెక్కుచెదరకుండా ఉండాలి, కాబట్టి మొదటిసారి ఎవరు ఎలా కోశారన్నది అక్కడా ముఖ్యమే. ఈ జబ్బు ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో కూడా తేలుతుంది, ఆ పేషెంట్లు దీర్ఘకాలం చెకప్‌లో ఉండాలి. ఇదంతా మీ తమ్ముడికి కాదు, ఈ పేజీ చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

కన్నీళ్ల మాట. ఏడ్చినప్పుడు, ఉల్లిపాయ కోసినప్పుడు ఒక్కసారిగా ఉబికే నీళ్లు ఎక్కువగా ఈ పెద్ద గ్రంథివే. కానీ రోజంతా కన్నును తడిగా ఉంచే నీళ్లలో మంచి వంతు రెప్పల లోపలి పొరలో ఉండే బోలెడు చిన్న గ్రంథులు ఇస్తాయి. అందుకే గ్రంథి తీసినా కన్ను ఎండిపోతుందని భయపడక్కర్లేదు. పైగా గ్రంథికి లోపల, రెప్ప వైపు అని రెండు భాగాలుంటాయి. లోపలి భాగంలోని నాళాలు రెప్ప వైపు భాగం గుండానే బయటికి వస్తాయి. కణితి లోపలి భాగానికే పరిమితమైతే రెప్ప వైపు భాగాన్ని కాపాడటానికి చూస్తారు. కొందరికి మంట, గరగరలాడటం ఉంటుంది. కన్నీటి చుక్కలు వేసుకుంటే సర్దుకుంటుంది. షాపులో ఎరువుల దుమ్ము ఉంటుంది కాబట్టి మీ తమ్ముడు మొదటి కొన్ని నెలలు కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది.

ఇక సీజన్ సంగతి. ఈ గడ్డ రేపటికి ఏదో అయిపోయేది కాదు. యూరియా లోడు దిగేదాకా, ఒక నెల ఆగాలంటే ఆగండి, దాని మీద ఇంట్లో గొడవ పడొద్దు. కానీ ఏడాది ఆగొద్దు. ఎంత ఆలస్యమైతే గడ్డ అంత పెద్దదై పొర చిరగకుండా తీయడం అంత కష్టమవుతుంది, చెడుగా మారే అవకాశమూ కాలంతో పెరుగుతుంది. ఈలోగా కణతలో నొప్పి మొదలైనా, నుదురు మొద్దుబారినా, గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, చూపు తగ్గినా సీజన్ గీజన్ పక్కన పెట్టి వెంటనే తీసుకెళ్లండి.

మామూలు కంటి డాక్టరు గారు ఎంత మంచివారైనా ఈ ఆపరేషన్‌కు కంటి గూటి పని చేసే ఆక్యులోప్లాస్టీ సర్జన్ కావాలి. హైదరాబాద్‌లో 1987 నుంచి నడుస్తున్న ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వ వైద్యం కావాలంటే మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి, అడ్మిషన్ రోజున కౌంటర్ దగ్గర కంగారు పడక్కర్లేదు. మీ మేనమామను కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు, జవాబు సర్జన్ నోటి నుంచే వినాలి. స్కాన్ కాగితం మాత్రమే కాకుండా సీడీ కూడా పట్టుకెళ్లండి, పాత ఫొటోలు నాలుగైనా ఉండాలి. ఇలాంటి గడ్డలు ఎన్ని తీశారని సర్జన్‌ను నేరుగా అడగండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఆపరేషన్ తర్వాత వారం, పది రోజుల్లో పెథాలజీ రిపోర్టు వస్తుంది. అందులో కణితి పేరుతో పాటు ఇంకో వాక్యం వెతకండి: పొర చెక్కుచెదరకుండా ఉందా, అంచుల్లో కణితి మిగిలిందా అన్నది. అది లేకపోతే రాయించుకోండి. ఈ గడ్డ ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరిగొచ్చిన సందర్భాలున్నాయి, అప్పుడు చూసే డాక్టరుకు మొట్టమొదట కావలసింది ఆ కాగితమే. రెండు జిరాక్స్‌లు తీయించి ఒకటి భూమి పాస్‌బుక్‌లు పెట్టుకునే చోట పెట్టండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఆ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి.